సొంత డబ్బా, కారే కుళాయి

చిన్నప్పుడు క్లాసులో ఫస్టొచ్చానని చుట్టాలకి చెప్పబోతే, "సొంత డబ్బా కొట్టుకోకు" అని మా అమ్మ తొడపాశం పెట్టింది. ఆ మంట ఇంకా గుర్తుంది. అలాంటివాణ్ణి, నలభై ఏళ్లొచ్చాక, "నేను అసాధారణ ప్రతిభావంతుణ్ణి" అని నాలుగు వందల పేజీల కాగితాలు కూర్చి అమెరికా ప్రభుత్వానికి పంపాల్సి వచ్చింది.

దీన్ని ఈబీ-1ఏ అంటారు, అంటే అసాధారణ ప్రతిభ చూపించి గ్రీన్‌కార్డు తెచ్చుకునే దారి. పెద్ద చదువులు చదివినవాళ్లు మామూలుగా వెళ్లే గ్రీన్‌కార్డు దారి ఈబీ-2. ఇండియాలో పుట్టినవాళ్లకి ఆ క్యూ పదేళ్లు దాటిపోయింది. ఈబీ-1లోనూ క్యూ ఉంది కానీ దాంతో పోలిస్తే చిన్నది. పైగా కంపెనీ కాళ్లావేళ్లా పడక్కర్లేదు, ఐ-140 అనే దరఖాస్తు ఫారం మనకి మనమే వేసుకోవచ్చు. నోబెల్ లాంటి బహుమతి ఏదైనా ఉంటే అదొక్కటే చూపించొచ్చు. లేనివాళ్లకి పది కొలతలు పెట్టారు, వాటిలో కనీసం మూడు తూగాలి. అందులో నాటకాలు, సినిమాల్లాంటి వాటికి వచ్చిన టికెట్ల కలెక్షన్ కూడా ఒకటి. నేను స్టేజీ ఎక్కింది ఒక్కసారే, చెట్టు వేషంలో. అది వదిలేశాను.

భూమిలో పాతిన నీటి పైపు ఎక్కడ కారుతోందో తవ్వకుండా కనిపెట్టడం నా పరిశోధన. పైపుకి రెండు చోట్ల సెన్సార్లు పెట్టి, కారే చప్పుడు దేనికి ఎంత ముందు చేరిందో లెక్కగడితే చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది. నా పేపర్లని ఎవరెవరు ఉదహరించారో వెతుకుతుంటే ఒకాయన "ప్లాస్టిక్ పైపుల్లో ఈ పద్ధతి పనిచేయలేదు" అని రాసి నా పేరు పెట్టాడు. లాయరమ్మకి చూపిస్తే, "లెక్కకి అదీ లెక్కే" అంది.

అసలు కష్టం సిఫార్సు ఉత్తరాలతో వచ్చింది. మనతో పనిచేసినవాళ్లే కాదు, మన మొహం కూడా చూడని నిపుణులు మెచ్చుకుంటే విలువెక్కువట. ఆ నిపుణులకేమో తీరిక ఉండదు, "డ్రాఫ్టు పంపండి, చూసి మార్చుకుంటాను" అంటారు. అంటే నా గురించి నేనే, ఇంకొకరి గొంతుతో, "ఈయన లేకపోతే ఈ రంగం ఏమైపోయేదో" అని రాసుకోవాలి. మొదటి రోజు రెండు వాక్యాలు రాసి సిగ్గేసి లేచిపోయాను. మూడో రోజుకి ఆ సిగ్గు కాస్తా పోయింది. ఐదో రోజు చదువుకుంటుంటే నా మీద నాకే గౌరవం పెరిగింది.

తప్పులు దిద్దమని ఆ ఫైలు మా ఆవిడకిచ్చాను. నా పేపర్లన్నిటికీ ఇంగ్లిషు దిద్దేది తనే. ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. మా వంటింటి కుళాయి నాలుగు నెలలుగా కారుతోంది. వాషర్ మార్చాలి, అంతే. ఈ వీసా పని అయ్యాక మారుస్తానన్నాను.

రాత్రి పదకొండింటికి ఫైలు తిరిగొచ్చింది. తెరిచి చూడకుండా నేరుగా, ఆ ఉత్తరం మీద సంతకం పెట్టాల్సిన ప్రొఫెసర్‌గారికి పంపేశాను. పొద్దున్న కాఫీ తాగుతూ మా ఆవిడ అడిగింది.

"పక్కన నేను రాసినవి చూశారా?"

"పక్కన ఏం రాశావు?"

"సరదాకి రాశాన్లెండి. చూసి తీసేస్తారు కదా అని."

కాఫీ అక్కడే వదిలి లాప్‌టాప్ తెరిచాను. "నీటి లీకేజీని పసిగట్టడంలో ఈయనకు సాటి లేరు" అన్న వాక్యం పక్కన పసుపు పచ్చ డబ్బాలో, చక్కటి ఇంగ్లిషులో: "వంటింట్లో నాలుగు నెలలుగా కారుతోంది. సెన్సార్లు అక్కర్లేదు, హాల్లోంచే వినిపిస్తుంది." ఇంకో పేజీలో "ఈయనను నేనెన్నడూ కలవలేదు" అన్నచోట: "అందుకే ఈ ఉత్తరం రాస్తున్నారు." చివర్లో ఒక్కటి మాత్రం తెలుగులో రాసింది: "ఇంట గెలవలేదు, రచ్చకి బయల్దేరారు." ఆయనకి తెలుగు రాకపోవడం ఆ పూట నాకు మిగిలిన ఒకే ఒక్క ఊరట.

క్షమాపణలు రాసి, చెరిపి, మళ్లీ రాశాను. పంపలేదు. ఏమని పంపను? "ఆ కుళాయి సంగతి నిజం కాదు" అనాలంటే ముందు వాషర్ మార్చాలి.

రెండు రోజులకి జవాబొచ్చింది. ఉత్తరం మీద సంతకం, పక్కన వ్యాఖ్యలన్నీ తీసేసి ఉన్నాయి. కింద ఒక్క ముక్క రాశారు: "ఈ డ్రాఫ్టు సమీక్షించినవారు ఎవరో చెప్పగలరా? మా జర్నల్‌కి ఇలా నిజం రాసేవాళ్లు కరువయ్యారు."

ఎంత దాచినా తెలిసిపోతుందని మా ఆవిడకి చదివి వినిపించాను. తను గిన్నెలు కడుగుతూ ఆగింది.

"ఏమండీ, ఇతరుల పనిని పరీక్షించడం కూడా ఆ పదింట్లో ఒకటన్నారు కదూ?"

"అవును."

"అయితే నాకు ఒకటొచ్చినట్టే. ఇంకో రెండు చాలు" అంటూ కుళాయి కట్టేసింది.

టప్... టప్...