మహారాజశ్రీ గుండ్రం పట్టా గారి సముఖానికి

బొమ్మ రైలు సెట్టుతో పాటు అట్టపెట్టెలో విమానమెక్కి వచ్చి హన్మకొండలో మేడ మీది గదిలో దిగిన గుండ్రం పట్టా గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరి కుటుంబం సంగతి మాకు తెలుసు. వంపు ముక్కలు 12, తిన్నటి ముక్కలు 2. అంతా కలిపి చుట్టుకొలత 3.3 మీటర్లు. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు. తమరి మీద ఇంజను ఆరు సెకన్లకో చుట్టు కొట్టి చప్పట్లు కొట్టించుకుంటోంది. ఆ వేగాన్ని ఎప్పుడైనా 87తో గుణించి చూశారా? గంటకు 172 కిలోమీటర్లు! వెనక తగిలించినవేమో బొగ్గు డబ్బాలు. నిజాం కాలపు స్టీమింజను ఈ మాట వింటే బాయిలరు పగిలేది.

తమరి మీద మా ఫిర్యాదు ఒకటే. తమరు ఎక్కడికీ పోరు. గానుగెద్దు తిరిగితే కనీసం నూనె దిగుతుంది.

మేం నడపదలచిన బొగ్గు రైలు గుణం వేరు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ తేల్చాడు. ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు చేజిక్కించుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి అక్కడికి పట్టాలు వేసింది ఊరి చుట్టూ ప్రదక్షిణం చేయడానికా? ఖాళీ డబ్బాలు లోపలికి, నిండు డబ్బాలు బయటికి. ఒక కొసన బొగ్గుబాయి, ఇంకో కొసన మెయిన్ లైను. గంతే.

కలప రైలు ఇంకా మొండిది. కొచ్చి రాజ్యంలో పరంబికుళం టేకు కోసం 1907 నుంచి నడిపిన మీటర్ గేజ్ ట్రామ్‌వేలో ఏటవాలు వచ్చినచోట తాడు కట్టారు. దిగే నిండు బండ్ల బరువే ఖాళీ బండ్లను పైకి లాగేది. అమెరికాలో మిషిగన్ కలప వ్యాపారి ఎఫ్రాయిమ్ షే 1881లో పేటెంటు పొందిన ఇంజనుకు సిలిండర్లు ఒక పక్కన నిలువుగా ఉంటాయి, షాఫ్టూ పళ్ల చక్రాలూ కలిసి అన్ని చక్రాలనూ తిప్పుతాయి. దానికి పరుగు రాదు, ఎక్కడం వచ్చు. హెచ్‌ఓలో సెకనుకు 5 సెంటీమీటర్లు కదిలితే అసలు లెక్కలో గంటకు 16 కిలోమీటర్లు. ఆ నడకతో తమరిని ఒక చుట్టు తిరిగేసరికి నిమిషం దాటుతుంది. రెండో చుట్టుకు చూసేవాళ్లు చాయ్ తాగడానికి లేచిపోతారు. తమరికి వేగం తప్ప వేరే బతుకుదెరువు లేకపోవడానికి కారణం ఇదే.

ఇక తమరి జాగా ఆశ. అటూ ఇటూ ఒక సైడింగు (పక్క పట్టా) పెట్టుకుంటే చాలు, 8 అడుగులకు 4 అడుగుల ప్లైవుడ్ షీటు మొత్తం కావాలంటారు. గోడకు ఆనిస్తే అవతలి అంచుకు చెయ్యి అందదు. వంగి పనిచేయగలిగేది 75 సెంటీమీటర్ల దాకే. బండి మాత్రం ఎప్పుడూ 110 దగ్గరే పడిపోతుంది. అదే షీటును వడ్లాయనతో పొడవునా మూడు పలకలుగా కోయిస్తే 40 సెంటీమీటర్ల వెడల్పుతో 7.3 మీటర్ల పొడవు చేతికొస్తుంది. రెండు గోడల వెంట ఎల్ ఆకారంలో వేసుకోవచ్చు, గది నడుమ మంచం కూడా పడుతుంది. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లై, కింద ప్రతి 40 సెంటీమీటర్లకు ఒక అడ్డబద్దె, రెండు వైపులా రంగు. ఒక్కవైపే వేస్తే వానాకాలం తేమకు పలక వంగుతుంది, గోడకు తగిలిన అంచున చెదలు గృహప్రవేశం చేస్తాయి.

మే నెలలో మేడ గది ఎంత కాలుతుందో తమరికి చెప్పాలా? 25 డిగ్రీల తేడాకు 3 మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. డిసెంబర్‌లో పరిస్తే ప్రతి 90 సెంటీమీటర్ల జాయింటుకు విజిటింగ్ కార్డు మందం సందు వదలాలి, మేలో పరిస్తే అక్కర్లేదు. సందు మరిచిపోతే పట్టా పక్కకు ఉబ్బి బండ్లను కింద పడేస్తుంది. ఇంకోటి, జాయినర్లు (పట్టా ముక్కలను కలిపే రేకులు) కరెంటు మోస్తాయని తమరు ప్రచారం చేస్తారు. మోస్తాయి, దుబ్బ పట్టేదాకా. ప్రతి ముక్కకూ విడిగా రెండు తీగలు సోల్డర్ చేయాల్సిందే.

తమరు పోయాక కలప రైలు అడవికి ఎట్లా ఎక్కాలంటారా? డార్జిలింగ్ రైలు ఎక్కినట్టే, జిగ్‌జాగ్‌గా. 4 శాతం ఎత్తుతో 1.2 మీటర్లు పోతే 4.8 సెంటీమీటర్లు పైకి. అక్కడ పాయింటు (పట్టా రెండుగా చీలే చోటు) దాటి, తోక పట్టాలో (ముందుకు దారి లేని కొస ముక్కలో) ఆగి, వెనక్కి నెట్టుకుంటూ ఇంకో 1.2 మీటర్లు. మొత్తం 9.6. తోక ఎంత పొడవుంటే రైలు అంతే. 15 సెంటీమీటర్ల ఇంజను, 11 సెంటీమీటర్ల బండ్లు మూడు, కొంత వెసులుబాటు కలిపి 55 కావాలి. నాలుగో బండి మీద ఆశ ఉంటే తోకనే పొడిగించుకోవాలి. పాయింటు మాత్రం సమతలం మీదే ఉండాలి, దానికి అటూ ఇటూ 10 సెంటీమీటర్లు కూడా. వాలు మీద పెడితే నడుమ చక్రం గాల్లో తేలి దారి తప్పుతుంది.

నెట్టేటప్పుడు అసలు పరీక్ష. బండి పొడవులో అంగుళానికి 14 గ్రాములు, పైన ఇంకో 28. ఈ లెక్కన 11 సెంటీమీటర్ల బండి 90 గ్రాములు తూగాలి. దుంగల బండిలో నడుమ ఒక దూలం తప్ప ఏమీ లేదాయె, బరువెక్కడ దాస్తాం? దూలాన్నే ఇత్తడి పట్టీతో చేసి, అడుగున సీసం రేకు అంటించి, లోహపు చక్రాలు వేయాలి. దుంగలకు గోరింట పుల్లలు బాగుంటాయి. 5 నుంచి 8 మిల్లీమీటర్ల మందం, 7 సెంటీమీటర్ల పొడవు. బాగా ఎండబెట్టకపోతే పుచ్చు పట్టి బెరడు రాలుతుంది.

కంకరకు వాగు ఇసుక తెస్తే ముందు కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పండి. నల్ల రేణువులు మోటారు అయస్కాంతానికి అంటుకుని గేర్లను నమిలేస్తాయి. బొగ్గు అసలుదే వాడొచ్చు. పొడి చేసి, చాయ్ జాలీలో జల్లించి, నాజూకు ధూళి పారబోసి, మిగిలిన రవ్వను ఒక వంతు తెల్ల జిగురు, మూడు వంతుల నీళ్లు, ఒక చుక్క సబ్బుతో అట్టముక్క మీద అతికించాలి. అట్ట కింద ఇనుప వాషరు పెడితే అయస్కాంతంతో లోడు ఎత్తేయొచ్చు. నిండు డబ్బా బాయిలోకి తిరిగి పోయే సిగ్గుచేటు తప్పుతుంది. కలప బండ్లకూ పని దొరుకుతుంది. గని కప్పు నిలబెట్టే దిమ్మెలు బాయికి, బొగ్గు మెయిన్ లైనుకు.

తమరి 16.5 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల నడుమ ఎడం) గురించి తగువు పెట్టుకోం. మన బ్రాడ్‌గేజ్ లెక్కకు 19.3 కావాలి. ఆ తేడా చూసీచూడనట్టు పోతాం. బాయి దగ్గరి టబ్బుల (గని చిన్న డబ్బాల) లైనుకు 9 మిల్లీమీటర్ల పట్టా వేస్తే అసలులో 783, రెండున్నర అడుగుల గేజ్‌కు దగ్గరే.

కనుక ఇందుమూలంగా తెలియజేయునది. తమరి 12 వంపుల్లో మూడింటిని ఎల్ మూలకు డిప్యుటేషన్ మీద పంపుతున్నాం. మూడు ముప్పైలు తొంభై డిగ్రీలు. పట్టా గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో పోతే 45.7 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఆ 40 సెంటీమీటర్ల పలక మీదే సరిపోతుంది. మిగతా తొమ్మిదింటినీ మెడికల్ అన్‌ఫిట్ చేశాం. వారసత్వ ఉద్యోగం ఎటైనా వంగే ఫ్లెక్స్ ట్రాక్‌కు ఇచ్చాం. దాని కింద కార్కు వేసి తమరి వంపుల ఎత్తుకు కలుపుతాం, అభ్యంతరముంటే యూనియన్ ద్వారా రావాలి.

ఇట్లు,
రెండు గోడల షెల్ఫు తరఫున