నచ్చకపోతే తీసేయొచ్చుగా అనేవాళ్లకు

"వాట్సాప్ నచ్చకపోతే ఆ యాప్ తీసేయొచ్చుగా, ఎవరాపారు?" అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది నాకు. తీసేయడమెంతసేపు! మరి చుట్టాల గ్రూపు, ఆఫీసు గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు... వాటన్నిటినీ నా వెనకాల కొత్త యాప్‌లోకి ఎవరు లాక్కొస్తారు?

మంచి సరుకే గెలుస్తుందనేది ఈ వ్యాపారంలో పెద్ద అబద్ధం. 2011లో ఫేస్‌బుక్‌కు పోటీగా గూగుల్ వాళ్ల గూగుల్ ప్లస్ వచ్చింది. ఏ పోస్టు ఎవరికి కనబడాలో సర్కిళ్లుగా విడగొట్టుకునే ఏర్పాటు నిజంగా బాగుండేది. డబ్బుకు కొదవా, ఇంజనీర్లకు కొదవా? లోపలికెళ్తే మాత్రం మనవాళ్లు ఎవరూ కనబడరు. 2019 ఏప్రిల్‌లో మామూలు వినియోగదారులకు మూసేశారు.

అలాగని ఒకసారి జనం చేరితే ఇక కదలరనీ కాదు. ఫేస్‌బుక్‌కు ముందు జనమంతా ఉన్న సోషల్ సైటు మైస్పేస్‌ను చూడండి. 2005లో న్యూస్ కార్ప్ అనే మీడియా కంపెనీ దాన్ని 58 కోట్ల డాలర్లకు కొని, 2011లో దాదాపు మూడున్నర కోట్లకు వదిలించుకుంది. దాన్ని దెబ్బకొట్టిన ఫేస్‌బుక్ 2004లో మొదలైంది ఒక్క హార్వర్డ్‌లోనే. తర్వాత ఒక్కో కాలేజీనీ నింపుకుంటూ పోయింది. అక్కడి కుర్రాడికి మైస్పేస్‌లోని కోట్లమందితో పనేంటి? వాడి క్లాసంతా ఫేస్‌బుక్‌లోనే ఉంది. జనం ఒక్కొక్కరుగా కదలరు, గుంపుగా కదులుతారు. పెద్ద కంపెనీల భయమూ అదే. అందుకే గుంపు కదిలే సూచన కనబడగానే కొనేస్తాయి. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌కు 1,900 కోట్ల డాలర్లు ఇస్తానన్నది కోడ్ చూసి కాదు, అప్పటికే దాన్ని వాడుతున్న 45 కోట్ల మందిని చూసి.

కాబట్టి ఇంకో మంచి యాప్ తయారుచేయండని స్టార్టప్‌లకు హితవు చెప్పడం దండగ. తలుపులు తెరిపించాలి, అంటే ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మెసేజ్ వెళ్లేలా చేయించాలి. మెయిల్ పంపేటప్పుడు అవతలివాళ్లది ఏ కంపెనీ అని అడుగుతామా? అమెరికాలో ఒకప్పుడు టెలిఫోన్లకూ ఇదే గొడవ. కంపెనీల లైన్లు కలవక, కొన్ని దుకాణాల్లో రెండేసి ఫోన్లు పెట్టుకునేవారు. ప్రభుత్వం మెడ మీద కూర్చున్నాకే 1913లో అక్కడి పెద్ద ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ తన దూరపు లైన్లను చిన్న కంపెనీలకు తెరిచింది.

ఇప్పుడు యూరప్‌లో పెద్ద టెక్ కంపెనీలకు పగ్గాలేసే డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ అనే చట్టం ఆ పనే చేస్తోంది. అడిగిన ఇతర సర్వీసులతో వాట్సాప్, మెసెంజర్ కలవాల్సిందే. ఎన్‌క్రిప్షన్, అంటే మెసేజ్ మధ్యలో ఎవరూ చదవకుండా వేసే తాళం, చెడకుండా కలపడం కష్టమే, కాదనను. కానీ ఆ చట్టంలోనూ ముందు ఇద్దరి మధ్య చాట్లకే చోటిచ్చారు. గ్రూపులకు రెండేళ్లు, కాల్స్‌కు నాలుగేళ్లు గడువు. మనల్ని కట్టిపడేసేదే గ్రూపులైతే, గడువు సరిగ్గా వాటికే ఎందుకిచ్చినట్టో!