అడిగారు సరే, జవాబేదీ?

సీమలోని ఒక పెద్దాసుపత్రి ఓపీ వరండాలో స్తంభానికి క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. స్మార్ట్‌ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు కౌంటర్‌కు చేరి టోకెన్ నంబరు వస్తుంది. ఆ స్తంభానికే ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ చేతిలో ఉన్నది బటన్ ఫోను. పాత ఓపీ చీటీ కొంగున ముడివేసుకుని మొదటి బస్సుకే ఊరు విడిచి వచ్చింది. చీటీకి ఎంతసేపు నిలబడిందో, రక్తపరీక్షకు ఏ గది నుంచి ఏ గదికి తిప్పారో, రాసిన మూడు మాత్రల్లో ఏది బయట కొనుక్కోమన్నారో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. ఆమెను అడిగేవారే లేరు.

వైద్యసేవలపై రోగుల అభిప్రాయం తెలుసుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ‘మేరా అస్పతాల్’ పేరుతో ఎస్సెమ్మెస్, ఫోన్ కాల్, యాప్ ద్వారా ఈ పని మొదలుపెట్టింది. 2021 సెప్టెంబరులో ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా మార్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా ఆరంభమైంది. మరుసటి ఏడాది ఓపీ వరసలను తగ్గించే స్కాన్ పద్ధతి వచ్చింది. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రభుత్వ సేవలను ఫోన్‌లోనే అందించే ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు నడుస్తున్నాయి. వీటన్నిటినీ మేము మనసారా స్వాగతిస్తున్నాం. జ్వరంతో ఉన్న మనిషి వరసలో నిలబడే సమయం అరగంట తగ్గినా అది చిన్న మేలు కాదు. అయితే 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగిపోయిందన్న సంగతి మరచి, చదవడం, టైపు చేయడం వచ్చినవారి మాటే ప్రజాభిప్రాయమని లెక్క కడితే, సర్కారు దవాఖానా తప్ప వేరే దిక్కు లేనివారి గొంతు ఆ లెక్కలోకి రాకుండానే పోతుంది.

ప్రభుత్వం ఫోన్ చేసి అడగడం అంతకన్నా మేలే గాని, ఇప్పుడు అడుగుతున్న తీరు మారాలి. ‘సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకుంటే రెండు నొక్కండి’ అంటుంది రికార్డు చేసిన గొంతు. రెండు నొక్కిన మనిషి ఎందుకు నొక్కాడో ఆ యంత్రానికి తెలియదు. రెండు నొక్కితే పింఛనుకో, కార్డుకో ముప్పు వస్తుందేమోనన్న జంకుతో ఒకటి నొక్కేవారూ ఉంటారు. ఓపీ చీటీలో రాయించిన నంబరు చాలాసార్లు పక్కింటి కుర్రాడిదో, వెంట వచ్చిన ఆశా కార్యకర్తదో అయివుంటుంది. కర్నూలు సర్వజన వైద్యశాలకు గద్వాల, రాయచూరు, బళ్లారి వైపుల నుంచీ రోగులు వస్తారు. ఆదోని ప్రాంతంలో కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఎన్నో. కాబట్టి రోగి ఆసుపత్రి గడప దాటకముందే, మందుల కిటికీ దగ్గర, వారి భాషలో ఒక మనిషి అడిగి నోటిమాటను రికార్డు చేసే ఏర్పాటు ఉండాలి. ఆ మాటలను రాతలోకి మార్చి విషయాలవారీగా విడదీసే సాంకేతికత ఇవాళ అందుబాటులో ఉంది. పేరు చెప్పమని మాత్రం ఒత్తిడి చేయకూడదు.

ఆ మాటకొస్తే రోగిని అడగనక్కరలేనివి చాలా ఉన్నాయి. టోకెన్ ఇచ్చిన సమయం, రక్తనమూనా తీసిన సమయం, రిపోర్టు వచ్చిన సమయం, మందులు ఇచ్చిన సమయం కంప్యూటర్‌లో నమోదైతే ఎక్కడ ఎంతసేపు ఆగుతున్నదీ ఏ ఫిర్యాదూ లేకుండానే బయటపడుతుంది. మందుల నిల్వల లెక్క చూసే ‘ఈ-ఔషధి’ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. డాక్టరు రాసిన మందుల చీటీని ఆ నిల్వతో పోల్చి చూస్తే, ఏ మాత్ర ఎన్నాళ్లుగా బయట కొనిపిస్తున్నారో ఆ సాయంత్రానికే తెలుస్తుంది. ఈ లెక్కలు నివేదికల్లో పడివుంటే ప్రయోజనం లేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం ప్రతి సమావేశంలో వీటినే మొదటి అంశంగా చర్చించి, వచ్చిన ఫిర్యాదులు ఇవి, సరిదిద్దినవి ఇవి, సరిదిద్దలేనివి ఫలానా కారణం వల్ల ఇవి అని ఓపీ వరండాలోనే పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. చెప్పుకున్న మనిషికి ఏం జరిగిందో తెలియజేయకుండా ‘పరిష్కరించాం’ అని ఫిర్యాదును మూసేయడం మాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

బడుల సంగతీ ఇంచుమించు ఇదే. ఫొటోలు ఎక్కించడానికి, హాజరు వేయడానికి పొద్దున్నే ఫోన్లు పట్టుకోవలసి వస్తోందని ఉపాధ్యాయులు ఏళ్లుగా మొత్తుకున్నారు; పలు యాప్‌లను కలిపి ‘లీప్’ ఒక్కటిగా తేవడం వారికి ఊరటే. పైకి పంపిన సమాచారం మాత్రం పైనే ఉండిపోతోంది. హాజరైన పిల్లలెందరో, మధ్యాహ్నం బడిలో అన్నం తిన్నవారెందరో రెండూ నమోదయ్యేవే. ఒక బడిలో ఆ రెండిటి మధ్య తేడా పెరుగుతూ, పిల్లలు ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకుంటున్నారంటే వంటలో ఏదో లోపం ఉన్నట్టే. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. ఈ లెక్క ముందుగా చేరవలసింది ఆ తల్లుల చేతికి.

అన్నిటికన్నా మమ్మల్ని కలచివేసేది వలస. కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి ఏటా కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు తరలిపోతాయి. ఇంటికి తాళం పడితే పిల్లలూ వెంట వెళ్లవలసిందే. హాజరు యాప్‌లో వారం తిరక్కుండానే ఆ ఖాళీ కనబడుతుంది, కానీ అప్పటికే బండి కదిలిపోయి ఉంటుంది. వలస వెళ్లేవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు ఉన్నా, ఎక్కడ ఎన్ని పడకలు కావాలో తల్లిదండ్రులను ముందే అడిగితేనే అవి సకాలంలో తెరుచుకుంటాయి. గతేడాది ఆ నెలల్లో ఏ పిల్లలు బడికి రాలేదో రికార్డుల్లో పేర్లతో సహా ఉంది. దసరా సెలవులకు ముందే ఆ ఇళ్లన్నిటికీ ఫోన్ చేసి, ఫోన్ ఎత్తని ఇంటికి మనిషిని పంపి, ‘ఈసారి ఎప్పుడు వెళ్తున్నారు, పిల్లను హాస్టల్‌లో ఉంచుతారా, ఉంచకపోవడానికి ఏది అడ్డు?’ అని జిల్లా విద్యాశాఖ అడగాలి. ఆడపిల్లకు భద్రత లేదని తల్లి చెబితే వార్డెన్‌ను, కాపలాను ఏర్పాటుచేసి, ఆమె ఊరు విడవక ముందే ఆ సంగతి ఆమెకు చెప్పాలి.