మిర్రర్ లెన్సుకు ఎండ ఉంటే చాలా?

"500 ఎం.ఎం. మిర్రర్ లెన్స్ కొనొద్దు. మిట్టమధ్యాహ్నం ఎండలో తప్ప పనిచేయదు, పదును రాదు, కాంట్రాస్ట్ తక్కువ, ఆటోఫోకస్ అసలు లేదు, వెనకంతా గారెలే." ఫోటోలు తీసేవాళ్ల మధ్య ఏళ్లుగా తిరుగుతున్న ఈ మాటలో సగం తప్పు. మిర్రర్ లెన్స్ అంటే లోపలి అద్దాలతో వెలుతురును మడిచి, దూరాన్ని దగ్గరగా చూపే పొట్టి లెన్స్. గారెలంటే బొమ్మ వెనక మసకలో కనిపించే, మధ్యలో చిల్లున్న వెలుగు చక్రాలు.

మొదట ఎండ సంగతి. ఈ లెన్సులో డయాఫ్రమ్ (వెలుతురు వచ్చే రంధ్రాన్ని పెంచి తగ్గించే రేకులు) ఉండదు, ఎఫ్/8 (ఆ రంధ్రం కొలత) అంటే ఎప్పుడూ ఎఫ్/8. ముందున్న చిన్న అద్దం కొంత వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి ఇంకో అర స్టాప్ పైనే పోతుంది (ఒక స్టాప్ పోతే వెలుతురు సగమైనట్టు). కెమెరా మీటర్ దాన్ని తనే సర్దుకుంటుంది, ఎక్స్‌పోజర్‌ను నోటిలెక్క వేసేవాళ్లు మాత్రం కలుపుకోవాలి. అయినా మబ్బు పట్టిన పగలు ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600 పెడితే 1/1000 సెకను దగ్గర షట్టర్ దొరుకుతుంది. కూర్చున్న పిట్టకు అది ధారాళం.

నిజానికి దీన్ని దెబ్బతీసేది ఆ మిట్టమధ్యాహ్నమే. కొల్లేటిలో ఆటపాక దగ్గర ఎండెక్కాక గట్ల మీద గాలి వేడెక్కి అలలు పోతుంది. దూరాన ఉన్న గూడబాతు నీళ్ల అడుగున ఉన్నట్టు వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సైనా ఆ వణుకును ఆపలేదు. పొద్దు పొడిచాక మొదటి గంటన్నరలో తీయండి.

పదును రాలేదంటే ముందు ఫోకస్‌ను అనుమానించండి. పది మీటర్ల దూరంలో ఫుల్‌ఫ్రేమ్ (35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్) మీద స్పష్టంగా ఉండే లోతు 20 సెంటీమీటర్ల లోపే. ఫోకస్ రింగు ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తు దాటి కూడా తిరుగుతుంది. వేడికి, చలికి లెన్స్ వ్యాకోచించి సంకోచిస్తుంది కాబట్టే ఆ వెసులుబాటు. చంద్రుడిని తీసేటప్పుడు రింగును చివరిదాకా తిప్పి వదిలేస్తే బొమ్మ మసకే. లైవ్ వ్యూను (కెమెరా తెర మీది బొమ్మను) 10 రెట్లు పెంచి, పదును దాటించి, మెల్లగా వెనక్కి తీసుకురండి.

రెండోది కుదుపు. నికాన్ రిఫ్లెక్స్ 500 బరువు 840 గ్రాములే. తేలిక కాబట్టే చేతిలో ఎక్కువ ఊగుతుంది. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (కుదుపును తగ్గించే ఏర్పాటు) ఉంటే మెనూలో ఫోకల్ లెంగ్త్ 500 అని మీరే ఎక్కించాలి, ఈ లెన్స్ కెమెరాకు ఏమీ చెప్పదు. మౌంట్ వైపు, అంటే కెమెరాకు తగిలించే వైపు, పెట్టే 39 ఎం.ఎం. ఫిల్టర్ కూడా ఆప్టిక్స్‌లో భాగమే. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే అది ఉందో లేదో చూసుకోండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ బయటికి తీస్తే ముందువైపు గాజు మీద చెమ్మ పడుతుంది, గొట్టంలో గాలి కదిలి బొమ్మ చెదురుతుంది. జిప్ వేసిన సంచిలోనే అరగంట ఉంచండి.

కాంట్రాస్ట్ తక్కువన్నది నిజం. మధ్యలో ఉన్న అద్దమే దానికి కారణం. హుడ్ తప్పనిసరి, మిగతాది రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్‌లో) సరిచేసుకోవచ్చు. అందుకు బదులుగా, తెల్ల కొంగ అంచున ఊదారంగు గీత దాదాపు కనిపించదు.

ఆటోఫోకస్ అసలు లేదనడమూ సరికాదు. మినోల్టా 1989లోనే ఏఎఫ్ 500 తెచ్చింది, తర్వాత అదే సోనీ పేరుతో వచ్చింది. చేత్తో ఫోకస్ చేయాల్సిన మిగతావాటితో మాత్రం ఎగిరే పిట్టల జోలికి పోకండి.

ఇక గారెలు. వాటిని తీసేసే ఉపాయం లేదు, పుట్టకుండా చూసుకోవాలి. ఫోకస్‌లో లేని మెరుపుచుక్కలే గారెలవుతాయి: ఎండ తగిలిన నీళ్లు, ఆకుల సందుల్లో ఆకాశం. సన్నటి రెల్లుకాడలైతే జంటగీతలవుతాయి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, రెండడుగులు పక్కకి జరిగి, పిట్ట వెనక దూరంగా ఉన్న పచ్చటి గట్టు వచ్చేలా నిలబడండి.