మహారాజశ్రీ సర్క్యులర్ వారికి విన్నపం

మహారాజశ్రీ సర్క్యులర్ వారి దివ్య సముఖమునకు, రెండో తరగతి పిల్ల తల్లి నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయ కుశలోపరి.

కుశలం అని అలవాటుకొద్దీ రాశాను గానీ, నిన్న మధ్యాహ్నం నుంచి నేనంత కుశలంగా లేను. "నూతన విద్యాసంవత్సర పరిచయ సమావేశము. మధ్యాహ్నం 2 గంటలకు. తల్లిదండ్రులు తప్పక హాజరు కావలెను. సమావేశం చివర తల్లిదండ్రుల సందేహాలకు సమయం కేటాయించబడును" అని మా పిల్ల చదివే క్యాథలిక్ స్కూలు తరఫున తమరే సెలవిచ్చారు. కింద ముద్ర కూడా కొట్టించుకొచ్చారు. ఆ ఆఖరి వాక్యాన్ని నమ్మి ఆఫీసులో సగంరోజు సెలవు అడిగాను. మా మేనేజర్ నోరు తెరిచి ఏమీ అనలేదు, "మళ్లీ స్కూలేనా?" అన్నట్టు ఒక చూపు చూశారు. ఆ చూపు కూడా మీ ఖాతాలోనే రాసుకోండి.

మీకొక మూలపురుషుడున్నాడని మీకు తెలుసో లేదో. పునీత (అంటే సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్. 1594లో ఆయన ఇప్పటి ఫ్రాన్స్‌లోని షాబ్లే ప్రాంతానికి ప్రసంగాలు చేయడానికి వెళ్తే వినడానికి జనం రాలేదు. అప్పుడాయన చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి, నకళ్లు తీయించి, తలుపుల కిందనుంచి ఇళ్లలోకి తోయించాడు. 1923లో పదకొండో పయస్ పోపుగారు ఆయన్ని రచయితలకూ పాత్రికేయులకూ పాలక పునీతుడిగా, అంటే వాళ్లని కాచే పునీతుడిగా ప్రకటించారు. సర్క్యులర్లకు కూడా ఆయనే దిక్కని నా నమ్మకం.

తమరు మాత్రం తలుపు కిందనుంచి రారు. బ్యాగు అడుగున, లెక్కల నోటుబుక్కు కింద, పెన్సిల్ పొట్టు అంటించుకుని మడతలు పడి ఉంటారు. "రేపటికల్లా తీసుకురావలెను" అన్న సంగతి పిల్ల పడుకోబోయే ముందు బయటపడుతుంది. అది చాలదన్నట్టు ఈమధ్య వాట్సాప్‌లో పీడీఎఫ్ అవతారం ఒకటి ఎత్తారు. తెరిస్తే అడ్డంగా పడుకుని ఉంటారు. ఫోన్ తిప్పితే మీరూ తిరుగుతారు. మెడ మాత్రం మాదే.

చిన్నచిన్న వాటి గురించి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. సాక్సు నేవీ బ్లూ అని జూన్‌కి ముందు ఒకసారి, కాదు ముదురు నీలం అని తర్వాత ఒకసారి రాశారు. పోనిద్దాం. రబ్బరు మీద కూడా పిల్ల పేరు రాసి పంపమన్నారు. రాశాను. చెరిపితే పేరే ముందు చెరిగిపోయింది. "స్వచ్ఛంద సేవకు పేర్లు తప్పనిసరిగా ఇవ్వవలెను" అన్నారు. ఇచ్చాను. "పోయిన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అన్నారు. ఆఫీసు గది పక్కనే పునీత అంతోనివారి స్వరూపం ఉంది. పోయినవి దొరికేలా చూడమని లోకమంతా మొక్కేది ఆయనకే. ఆయన పాదాల దగ్గరే అట్టపెట్టె నిండా ఎవరివో స్వెట్టర్లు. బాధ్యత తీసుకునే ఆయన అక్కడ నిలబడి ఉండగా మధ్యలో మీరెందుకు అడ్డుపడతారో తెలీదు. సరే, అదీ వదిలేద్దాం.

సమావేశం సంగతికి వద్దాం.

మొదట ప్రార్థన. నాకది ఇష్టమే. 1548లో ఇటలీలోని మెస్సీనాలో యేసుసభ (జెస్యూట్) గురువులు బడి తెరిచినప్పటి నుంచీ చదువులు మొదలయ్యే ముందు పవిత్రాత్మ పూజ చేయించే ఆనవాయితీ వస్తోందంటారు. కొత్త ఏడాదికి ముందు కాస్త జ్ఞానం, కాస్త వివేకం అడుక్కోవడంలో తప్పేముంది? పెంతెకోస్తు రోజు పవిత్రాత్మ దిగొచ్చినప్పుడు అగ్నినాలుకలు ఒక్కొక్కరి మీదా నిలిచాయని చదువుకున్నాం. మా హాల్లో మాత్రం ఆ నాలుక ఒక్కటే దిగింది. అదీ మైకు మీద. మైకు స్టేజీ దిగలేదు.

ప్రార్థన తర్వాత దీపం. దీపం తర్వాత పూలగుత్తులు. తర్వాత నిరుటి ప్రగతి మీద స్లైడ్లు. ప్రొజెక్టర్ వైరు పట్టుకుని ఒక సార్ నిలబడితేనే బొమ్మ కనిపిస్తోంది, వదిలితే పోతోంది, పాపం ఆయన అలాగే నిలబడ్డారు. తర్వాత హోంవర్క్ యాప్ కంపెనీ నుంచి ఒక కుర్రాడు వచ్చి "పేరెంట్స్ అందరూ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి" అన్నాడు. హాలంతా ఒకేసారి ఫోన్లు తీసేసరికి నెట్‌వర్క్ చేతులెత్తేసింది. ఓటీపీ కోసం అందరం తలలు వంచుకుని కూర్చున్నాం. అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడ ఇంకా ప్రార్థన జరుగుతోందనుకుని గుమ్మంలోనే ఆగి సిలువ గుర్తు వేసుకుంది.

చివరికి ఫాదర్ గారు మాట్లాడారు. మంచి మాటే చెప్పారు. క్యాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న క్రైస్తవ విద్య మీద ఒక ప్రకటన వెలువరించిందట. పిల్లలకు మొదటి గురువులూ ముఖ్య గురువులూ తల్లిదండ్రులేనని అందులో ఉందట. నిజంగా ఉంది, ఇంటికెళ్లి చూశాను. ఆ మాటతో నడుం కాస్త నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఆ వెంటనే మొదటి గురువులు చేయాల్సిన పనులు చదివారు. పుస్తకాలకు అట్టలు, చార్టులు, ప్రాజెక్టులు, పునీతుల పండుగకి వేషాలు. మొదటి గురువులు పసుపు గీత దాటి లోపలికి రాకూడదని కూడా చెప్పారు.

వందన సమర్పణ అయింది. నేను కుర్చీ అంచుకి జరిగాను. నా ప్రశ్న చిన్నది, నాలుగు మాటల్లో అయిపోతుంది. అంతలో సిస్టర్ గారు వాచీ చూసుకుని, "బస్సుల టైమైంది. సందేహాలుంటే డైరీలో రాసి పంపించండి" అన్నారు. మైకు టక్కుమని ఆగిపోయింది. ముందు వరుసలో ఒక తాతగారు అప్పటికే చెయ్యి ఎత్తారు. సిస్టర్ గారు ఆయన సెలవు తీసుకుంటున్నారనుకుని తిరిగి నమస్కారం పెట్టారు. పెద్దాయన ఏం చేస్తారు, ఎత్తిన చేతికి రెండో చెయ్యి కలిపి దండం పెట్టేశారు.

సర్క్యులర్ గారూ, నేను అడగాలనుకున్నది ఎవరి గురించో కాదు, తమరి గురించే. తమరి ఒంటి మీద ఒక వాక్యం ఉంది: "ప్రతి విద్యార్థి మంచినీళ్ల సీసా తప్పక తెచ్చుకొనవలెను." దాని కిందే ఇంకొకటి ఉంది: "తరగతి జరుగుచుండగా విద్యార్థులు బాత్రూముకు పంపబడరు." ఈ రెండూ పక్కపక్కనే రాసినవాళ్లకి లెక్క తట్టలేదేమో గానీ, మా పిల్లకి తట్టింది. తాగితే వెళ్లాలి. వెళ్లనివ్వరు. కాబట్టి తాగకూడదు.

పొద్దున నేను మెడ దాకా నింపి పంపిన సీసా సాయంత్రం మెడ దాకా నీళ్లతోనే వస్తోంది. మూత బిగించింది బిగించినట్టే. "ఏమ్మా, తాగలేదా?" అంటే "దాహం వెయ్యలేదమ్మా" అంటుంది. అలా అంటూనే బ్యాగు గుమ్మంలో పడేసి, ఒక షూ విప్పి, రెండోది విప్పేంత ఓపిక లేక దాంతోనే బాత్రూమ్‌లోకి పరిగెడుతుంది. దాహం వెయ్యని పిల్ల బయటికొచ్చి గ్లాసు మీద గ్లాసు తాగుతుంది. నిరుడు పక్క బెంచీ పిల్లాడికి క్లాసులోనే అయిపోయిందట. అందరూ నవ్వారట. మా పిల్ల కూడా నవ్విందేమో, నేను అడగలేదు. ఆ రోజు నుంచి సీసా మూత తియ్యడం మానేసింది.

డైరీలో రాయమన్నారు కదా. నిరుడే రాశాను. పేజీ నిండా, మర్యాదగా, "దయచేసి" అని ఒకటికి రెండుసార్లు పెట్టి మరీ రాశాను. మర్నాడు దాని కింద ఎర్ర పెన్నుతో ఒక టిక్కు, పొడి సంతకం, "నోటెడ్" అన్న ఒక్క మాట. బాగా నోట్ చేసుకున్నారు. ఈ ఏడాది తమరు వచ్చేటప్పుడు అదే వాక్యం బోల్డు అక్షరాల్లో వచ్చింది.

ఇక గారూ గీరూ పక్కన పెడతాను. చూడు, సర్క్యులర్! ఏడేళ్ల పిల్లకి ఒంటికి వస్తే బెల్లు కొట్టేదాకా ఆగమని చెప్పడానికి నువ్వెవరు? నీకు కడుపు లేదు, దాహం లేదు. ఇంక్ ఉంది, జిరాక్స్ మిషన్ ఉంది. నీళ్లు తాగకుండా, ఆపుకుని కూర్చుంటే పిల్లలకి మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయని, మలబద్ధకం వస్తుందని ఏ పిల్లల డాక్టర్నడిగినా చెబుతారు. అడగను కూడా అక్కర్లేదు, ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా తెలుస్తుంది. "ఒకర్ని పంపితే అందరూ వెళ్తామంటారు" అని నీ తరఫున చెప్పేవాళ్లున్నారు. వెళ్లనీ! క్లాసులో పాఠం ఆగుతుందా? ఆగనీ. ఒంట్లో బిగబట్టుకున్న పిల్లకి మీరు చెప్పే ఎక్కం ఎక్కడ ఎక్కుతుంది?

నాకు తెలిసింది పేరెంట్స్ గ్రూపులో పెట్టే గుడ్ మార్నింగ్ బొమ్మలే అనుకున్నావేమో. 1983 నాటి తిరుసభ (క్యాథలిక్ చర్చి) చట్టసంహిత తీసి చూశాను. 796వ నిబంధన. ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో దగ్గరగా కలిసి పనిచేయాలి, వాళ్లు చెప్పేది ఇష్టంగా వినాలి, వాళ్ల సంఘాలనూ సమావేశాలనూ ఎంతో గౌరవంగా చూడాలి అని ఉంది. ఇష్టంగా! నేను అంత దూరం కూడా అడగలేదు. కష్టంగా వినినా చాలు. ఇన్ని నిబంధనలు గుర్తుపెట్టుకుని అచ్చేయించుకునే నీకు ఈ ఒక్కటి మాత్రం ఎందుకు కనపడలేదు?

నీ మూలపురుషుడు ఫ్రాన్సిస్ వారు వినికిడి లేని ఒక మనిషికి సైగలతో ఓపిగ్గా బోధించారని చెబుతారు. 1950లో ఉపాధ్యాయుల పాలక పునీతుడైన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ వారు తన బడుల్లో మాస్టర్లకి మౌనం నేర్పించారు. చిన్న చెక్క పరికరం టక్కుమనిపించి, సైగలతోనే క్లాసు నడపాలి. ముందు మాట్లాడటం తగ్గించాల్సింది పెద్దవాళ్లే అని ఆయన లెక్క. మా సమావేశంలో మౌనం పాటించింది పెద్దవాళ్లే, కాదనను. కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు.

ఇంత తిడుతున్నా ఆ స్కూల్ మీద నా మనసు పూర్తిగా విరగదు. దానికి కారణం నువ్వు కాదు, వాళ్ల క్లాస్ సిస్టర్. ఆవిడ పీరియడ్‌లో ఎవరైనా చిటికెనవేలు చూపిస్తే చాలు, పాఠం ఆపకుండానే కళ్లతో గుమ్మం వైపు చూపిస్తుందట. ఇద్దరిద్దర్ని జతగా పంపిస్తుందట. కొత్తగా చేరిన పిల్లలు గేటు దగ్గర ఏడుస్తుంటే నీ పసుపు గీత అవతల నుంచి ఇవతలికొచ్చి ఎత్తుకెళ్లేది కూడా ఆవిడే. పోయినసారి నిన్ను పంపినప్పుడు నీ మార్జిన్‌లో పెన్నుతో ఒక ముక్క రాసింది: "పాప ఈ రోజు ప్రేయర్‌లో పాట పాడింది. గొంతు బాగుంది." అచ్చులో నువ్వు చెప్పినవన్నీ ఎప్పుడో పారేశాను, ఆ మార్జిన్ ముక్క మాత్రం చింపి బీరువాలో దాచాను. కానీ ఆవిడకి రోజులో రెండు పీరియడ్లే. మిగతా టీచర్లు అడిగిన పిల్లకి గోడ మీద అంటించిన నిన్ను చూపిస్తారు.

నీ అడుగున చుక్కల గీత దగ్గర "పై నియమములన్నియు చదివి అంగీకరించితిని" అని ఉంది. సంతకం పెట్టాను. పెట్టకపోతే రేపు ప్రేయర్‌లో నిలబెట్టేది నిన్ను కాదు, మా పిల్లని. కాకపోతే బాత్రూమ్ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన "దీనికి ఒప్పుకోను" అని రాసి, దాని కింద ఇంకో సంతకం పెట్టాను. ఫొటో తీసి గ్రూపులో కూడా పెట్టాను. ఇంకా ఎవరెవరు ఆ వాక్యం మీద గీత కొడతారో వాళ్లిష్టం. జవాబు మాత్రం నాకు రాతపూర్వకంగా కావాలి. మార్జిన్‌లో రాసినా సరే. "నోటెడ్" అని మాత్రం రాయొద్దు.

ఇట్లు,
రెండో తరగతి 'బి' సెక్షన్ పిల్ల తల్లి