ఎడ్లను లారీ ఎక్కించే ముందు ఆ మెసేజ్ డిలీట్ చేయండి

బండలాగుడు పోటీలు మొదలైతే చాలు, ఆ పాత మెసేజ్ మళ్లీ గ్రూపుల్లోకి వస్తుంది. పేరు "దూరం పోయే ఎడ్లకు పెద్దల చిట్కాలు". ముందురోజు నుంచే మేత, నీళ్లు ఆపాలంట. ముక్కుతాడు పైకి బిగించి కట్టాలంట. సందు లేకుండా నింపితే ఒకదానికొకటి ఆసరా అంట. బెదిరేదానికి మత్తు సూది వేయించాలంట. చల్లగా ఉంటుంది కాబట్టి రాత్రే పోవాలంట, దారిలో ఎక్కడా ఆపకూడదంట. ఈ నెలలోనే నాకు నలుగురు పంపారు. కర్నూలు జిల్లా వెల్దుర్తి పక్క పల్లె మాది, నరసరావుపేట దాకా గిత్తలను తోలుకుపోయే ఇల్లు. అసలు మన పెద్దలు లారీల్లో ఎప్పుడు తోలారు? వాళ్లు నడిపించుకుపోయారు.

మొదట మేత సంగతి. ఎద్దు కడుపు మనిషి కడుపు లాంటిది కాదు. తిన్న గడ్డి నెమరు సంచిలో ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఒక పూట పస్తు పెడితే ఎద్దు తేలికవదు, నీరసపడుతుంది. మే నెల ఎండలో నీళ్లు కూడా ఆపితే ఇక చెప్పేదేముంది. ఆపాల్సింది వేరే ఉంది: పోటీకి పోతోంది కదా అని ఎక్కించే ముందు దండిగా పెట్టే ఉడికించిన ఉలవలు, దాణా. అవి ఎక్కువైతే కడుపులో పులుస్తాయి. ఆ పూటకు జొన్న చొప్ప, శెనక్కాయ కట్టె చాలు. నీళ్లు తాగినన్ని పెట్టండి. కొత్త ఊరి నీళ్లను వాసన చూసి మూతి తిప్పుకునే గిత్తలుంటాయి, అందుకే మేం రెండు డ్రమ్ములు ఇంటి నీళ్లే వేసుకుపోతాం.

ముక్కుతాడు బిగించమన్నవాడు లారీ వెనక ఎప్పుడూ నిలబడి ఉండడు. సడన్ బ్రేకు పడితే ఎద్దు బరువంతా ముక్కు మీదికే వస్తుంది, ముక్కు చీలిపోతుంది. కట్టాల్సింది మెడకు వేసిన పలుపుతో. అది కూడా జారుముడి కాకుండా, తల కొంచెం దించుకునేంత వదులుతో. కమ్మీకి వేసే ముడి ఒక్క గుంజుకు ఊడిరావాలి. క్యాబిన్‌లో ఒక కొడవలి ఉండాలి. తల ఎందుకు దించుకోవాలంటే, లోపలికి పోయిన దుమ్ము, చీమిడి బయటికి రావాలి కాబట్టి. గుర్రాలను దూరం తోలేవాళ్లకు ఇది బాగా తెలుసు: తల పైకి కట్టి గంటల తరబడి నిలబెడితే గుర్రానికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది.

ఇరికించి నింపడం గురించి చెప్పాలంటే నాకు ఒక గిత్త గుర్తొస్తుంది. మా పక్కింటివాళ్లది. ఎనిమిదింటిని ఒకే లారీలో ఎక్కించారు. మార్కాపురం దాటాక చూస్తే అది పక్కకు ఒరిగి పడి ఉంది, మిగతావాటి కాళ్ల కింద. లేవడానికి చోటేదీ? పక్కకు పడుకున్న ఎద్దుకు తేన్పు రాదు, గ్యాసు లోపలే నిండుతుంది. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. మిగతావాటిని దించి, నలుగురం పట్టి రొమ్ము మీద కూర్చోబెట్టాకే ఊపిరి తీసుకుంది. బతికింది కానీ ఆ ఏడాది బండ ముట్టలేదు. 1978 నాటి జంతు రవాణా నియమాలే లారీకి ఆరు పశువులకు మించకూడదన్నాయి. జారకుండా కింద కొబ్బరి పీచు పట్టా గానీ పలకలు గానీ వేయాలని, ముఖాలు వీలైనంతవరకు ఇంజను వైపు ఉండాలని, వెంట ఒక మనిషి ఉండాలని కూడా వాటిలో ఉంది. ఆసరా కావాలంటే మధ్యలో అడ్డుకర్రలు కట్టండి, పక్క ఎద్దును కాదు.

మత్తు సూది వద్దే వద్దు. మామూలుగా వాడే జైలజీన్ మందు గుర్రానికి వేసే మోతాదులో పదో వంతుకే ఎద్దు కూలబడుతుంది. కాళ్లు పట్టు తప్పుతాయి, నెమరు ఆగి కడుపు ఉబ్బుతుంది. ఇక ఆ గిత్త కథే మళ్లీ.

రాత్రి పోతే చల్లగా ఉంటుందన్న ఒక్క మాట మెసేజ్‌లో నిజం. కానీ ఆపకుండా ఎలా పోతారు? ఆత్మకూరు నుంచి దోర్నాలకు పోయే నల్లమల దారిని పులుల కోసం రాత్రిపూట మూసేస్తారు, చెక్‌పోస్టు దగ్గర ఎలాగూ ఆగాల్సిందే. అందుకే మేం సాయంత్రం బయల్దేరి ఆత్మకూరు ఇవతలే ఎడ్లను దించుతాం. మా ఊరు దాటిన అరగంటకే ఒకసారి ఆపి పలుపులు చూస్తాం. అప్పటికే ఏదో ఒకటి సడలి ఉంటుంది. తెల్లారి గేటు తీయగానే ఘాట్ ఎక్కితే, పోటీకి ముందురోజు మధ్యాహ్నానికి గిత్తలు అక్కడ వేపచెట్టు కింద పడుకుని నెమరేస్తుంటాయి.