‘డబ్బంతా తీసేసుకోండి’ అంటున్న ఆ మెసేజ్ సంగతి

మళ్లీ వచ్చింది. పంపినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు, బ్యాలెన్స్ షీట్ చూడగానే తప్పు పట్టేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ‘మహాపతన దశాబ్దం 2026–2035’ అని ఎర్ర సైరన్ బొమ్మలతో మొదలై, ‘మీవాళ్లను కాపాడుకోవాలంటే అన్ని గ్రూపులకూ పంపండి’ అని ముగిసే మెసేజ్ అది.

చూడని అదృష్టవంతుల కోసం అందులోని ఏడు పాయింట్లూ క్లుప్తంగా చెబుతాను. ప్రతి 80 ఏళ్లకోసారి ప్రపంచం తలకిందులవుతుంది, ఇప్పుడు వంతు వచ్చింది. ఏ కరెన్సీ అయినా ప్రపంచాన్ని ఏలేది సగటున 94 ఏళ్లే, కాబట్టి డాలర్ పని అయిపోయింది, దాంతోపాటు కరెన్సీలన్నీ చిత్తుకాగితాలవుతాయి. ప్రపంచం మొత్తం అప్పు 300 లక్షల కోట్ల డాలర్లు దాటింది, తీర్చడం ఎవరి తరమూ కాదు, అంతా కూలుతుంది. 2030 కల్లా ఏఐ 80 శాతం ఉద్యోగాలు మింగేస్తుంది. బ్యాంకులు మూతపడతాయి, కాబట్టి ఇప్పుడే డబ్బంతా తీసేసి కొంత బంగారంగా, కొంత నగదుగా ఇంట్లో పెట్టుకోవాలి, బీమా ప్రీమియంలు కట్టడం ఆపేయాలి. దేశదేశాల్లో ప్రభుత్వాలు కూలి అల్లర్లు చెలరేగుతాయి. ఆఖరుగా, ఇదంతా బల్గేరియాకు చెందిన భవిష్యవక్త బాబా వంగా ఎప్పుడో చెప్పింది.

ఆఖరుదే ముందు తీసి పక్కన పెడదాం. ఆవిడ 1996లో చనిపోయారు. స్వయంగా రాసిపెట్టిన జోస్యాలు ఏవీ లేవు. అయినా ఏటా డిసెంబరు వచ్చేసరికి ఆవిడ పేరు మీద కొత్త ఏడాదికి సరిపడా సరుకు తయారవుతుంది. పోయాక ఇంత బిజీగా ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఏఐ పాయింటు కూడా త్వరగా తేల్చేయవచ్చు. ఏఐ పితామహుల్లో ఒకడైన జెఫ్రీ హింటన్ అంతటివాడు 2016లో, స్కాన్‌లు చూసే డాక్టర్లకు, అంటే రేడియాలజిస్టులకు, శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలి, ఐదేళ్లలో యంత్రమే వాళ్లకన్నా బాగా చూస్తుంది, మహా అయితే పదేళ్లు పట్టవచ్చు అన్నాడు. ఐదేళ్ల గడువు ఎప్పుడో దాటింది. ఆ డాక్టర్లకు చాలా దేశాల్లో ఇంకా కొరతే ఉంది. కొన్ని ఉద్యోగాలు పోతాయి, పోతున్నాయి కూడా. కానీ 80 శాతం అనే అంకె ఎక్కడిదో మెసేజ్‌లో లేదు. ఉండదు కూడా.

ఇక మొదటి పాయింటులోని 80 ఏళ్ల చక్రం. 1783, 1865, 1945, 2025 అని వరసగా పేర్చారు. చూడటానికి బాగానే ఉంది. కానీ ఇవి అమెరికా తేదీలు: స్వాతంత్ర్య యుద్ధం, అంతర్యుద్ధం, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏళ్లు. మరి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 ఏమైంది? మహామాంద్యం మొదలైన 1929? రష్యా 1917లో ఒకసారి, 1991లో ఒకసారి తలకిందులైంది. చైనా 1911లో, మళ్లీ 38 ఏళ్లకే 1949లో. ఫ్రాన్స్‌లో 1789, 1830, 1848, 1870... అక్కడ చక్రానికి ఊపిరి తీసుకునే తీరిక కూడా దొరకలేదు. నచ్చిన తేదీలు ఉంచుకుని అడ్డొచ్చినవి తీసేస్తే, 80 ఏమిటి, ఏ అంకెతో అయినా చక్రం తిప్పవచ్చు.

94 ఏళ్ల లెక్క ఇంకాస్త ముచ్చటైనది. దానికి పట్టిక కూడా జత చేశారు. పోర్చుగల్ 1450–1530, స్పెయిన్ 1530–1640, నెదర్లాండ్స్ 1640–1720, ఫ్రాన్స్ 1720–1815, బ్రిటన్ 1815–1920. కూడి ఐదుతో భాగిస్తే 94 వస్తుంది, లెక్కలో తప్పులేదు. తప్పంతా గడుల్లో ఉంది. 1720లో ఫ్రాన్స్ కరెన్సీ సింహాసనం ఎక్కిందట. సరిగ్గా ఆ ఏడాదే జాన్ లా అనే స్కాట్లాండ్ పెద్దమనిషి అక్కడ ప్రవేశపెట్టిన కాగితం డబ్బు కుప్పకూలింది, ఆయనే నడిపిన మిసిసిపీ కంపెనీ షేర్లు మట్టికరిచాయి, ఆయన డిసెంబరులో దేశం వదిలి పారిపోయాడు. అదే గడిలో కొంచెం ముందుకు వెళితే, విప్లవ ప్రభుత్వం అచ్చేసిన నోట్లు విలువంతా పోగొట్టుకుని 1796లో రద్దయ్యాయి. ప్రపంచాన్ని ఏలిన కరెన్సీ ఇదట! నెదర్లాండ్స్‌ను 1720లోనే దింపేశారు గానీ, యూరప్ వ్యాపారులు ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు ఖాతాల మీద ఆధారపడటం 1780 దాకా సాగింది. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. అన్నిటికన్నా విశేషం, పట్టిక ప్రకారం డాలర్ 1921లో గద్దె ఎక్కింది. దానికి 94 కలపండి, 2015 వస్తుంది. అంటే వాళ్ల లెక్కనే నమ్మితే డాలర్ పోయి పదేళ్లు దాటింది. కబురు మనదాకా రాలేదంతే.

డాలర్ వాటా తగ్గుతున్న మాట మాత్రం నిజం. కేంద్ర బ్యాంకుల విదేశీ నిల్వల్లో 1999లో 71 శాతం దాకా ఉన్నది 2024కి 58 శాతం దగ్గరికి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పశ్చిమ దేశాలు రష్యా నిల్వల్లో దాదాపు 30,000 కోట్ల డాలర్లు స్తంభింపజేశాక మిగతా దేశాలకు గుండె కొంచెం జారింది. ఆ ఏడాది నుంచి వరసగా మూడేళ్లు కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. అయితే పాతికేళ్లలో 13 పాయింట్లు తగ్గడాన్ని పతనం అనరు. పౌండు గద్దె దిగడానికి రెండు ప్రపంచ యుద్ధాలు, 1949లో, 1967లో రెండు డివాల్యుయేషన్లు (అంటే ప్రభుత్వమే పౌండు విలువ తగ్గించడం) పట్టాయి. ఆ దశాబ్దాల్లో కూడా బ్రిటన్‌లో జనం జీతాలు తీసుకున్నారు, ఇళ్లు కొనుక్కున్నారు, ఫుట్‌బాల్ చూశారు.

అప్పు విషయంలో 300 లక్షల కోట్లన్న అంకె సరైనదే. ప్రపంచ జీడీపీ 110 లక్షల కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటే అప్పు దానికి రెట్టింపు పైనే. కానీ ఆ అప్పు ఇచ్చినవాళ్లు కూడా ఈ భూమ్మీదే ఉన్నారు. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా బ్యాంకు పుస్తకంలో అప్పే. జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి రెట్టింపు దాటి పదేళ్ల పైమాటే. రేపు కూలుతుంది, ఎల్లుండి కూలుతుంది అని జపాన్ బాండ్ల మీద పందెం కాసి చేతులు కాల్చుకున్న ఫండ్ మేనేజర్లు ఎందరంటే, మార్కెట్లో ఆ పందేనికి ‘విడో మేకర్’ (పెళ్లాన్ని విధవను చేసేది) అని పేరే పడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్ అమెరికా దగ్గర చేసిన అప్పుకు ఆఖరి వాయిదా కట్టింది 2006 డిసెంబరులో. నన్నడిగితే, మొత్తం అప్పు కన్నా వడ్డీని చూసి కంగారుపడాలి. 2024లో అమెరికా ప్రభుత్వం కట్టిన నికర వడ్డీ దాని రక్షణ ఖర్చును దాటిపోయింది. ఈ సంగతి మెసేజ్ రాసినవాళ్ల కంట పడలేదు గానీ, పడి ఉంటే ఇంకో రెండు సైరన్లు పెట్టేవాళ్లు.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయవచ్చు. ఐదో పాయింటును మాత్రం వదలలేను, ఎందుకంటే అది మనుషుల చేత పని చేయిస్తుంది.

1973 డిసెంబరులో జపాన్‌లో జరిగింది వినండి. ఐచీ ప్రాంతంలో ముగ్గురు హైస్కూల్ అమ్మాయిలు రైల్లో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకమ్మాయికి ‘షింకిన్’లో, అంటే సహకార పద్ధతిలో నడిచే చిన్న బ్యాంకులో, ఉద్యోగం ఖాయమైంది. ‘అమ్మో, అక్కడ ప్రమాదం!’ అని స్నేహితురాలు ఆటపట్టించింది. బ్యాంకంటే దొంగలు పడతారని ఆమె ఉద్దేశం. ఆ అమ్మాయి ఇంటికెళ్లి, షింకిన్ ప్రమాదమా అని అడిగింది. ఇంట్లోవాళ్లు బంధువుల్ని అడిగారు, బంధువులు తెలిసినవాళ్లని అడిగారు. నోళ్లు మారేకొద్దీ ప్రశ్న కాస్తా వార్త అయింది, దానికి తొయొకావా షింకిన్ అనే పేరు కూడా తగులుకుంది. కొన్నాళ్లకు ఒకాయన లాండ్రీ షాపులో ఫోన్ అడిగి తీసుకుని, తొయొకావా షింకిన్ నుంచి 12 లక్షల యెన్‌లు తీయమని ఇంటికి చెప్పాడు. ఆయనకు పుకారు సంగతే తెలియదు, ఏదో వ్యాపారం పని. పక్కనే ఉన్న లాండ్రీ ఆవిడకు మాత్రం పుకారు తెలుసు. అమ్మో, నిజమేనన్నమాట అనుకుని పరుగున వెళ్లి తన డబ్బు తీసేసుకుంది, తెలిసినవాళ్లందరికీ చెప్పింది. బ్యాంకు ముందు జనం బారులు తీరారు. డబ్బుందని నమ్మించడానికి నోట్ల కట్టలు అందరికీ కనబడేలా పేర్చి చూపించాల్సి వచ్చింది. పోలీసులు పుకారును ఒక్కొక్క నోరే వెనక్కి వెతుక్కుంటూ పోతే చివరికి ఆ రైలు కబుర్లు తేలాయి. బ్యాంకుకు ఏ లోటూ లేదు.

ఆ అమ్మాయిలకు దురుద్దేశం లేదు, చేతిలో ఫోనూ లేదు. మనకు ఫోనుంది. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి, మర్నాడు బ్యాంకు మూతపడింది. అది నిజంగానే చిక్కుల్లో ఉన్న బ్యాంకు, వడ్డీ రేట్లు పెరిగి దాని బాండ్ల విలువ పడిపోయింది. కానీ ఒక్క పూట కూడా ఊపిరాడనివ్వకుండా చేసింది మాత్రం ఒకరికొకరు పంపుకున్న మెసేజ్‌లే. డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్విగ్ అనే ఆర్థికవేత్తలు 1983లోనే దీన్ని లెక్కగట్టి చూపించారు. మిగతావాళ్లు డబ్బు తీసేస్తారని నమ్మితే చాలు, బాగున్న బ్యాంకు నుంచి కూడా తీసేయడమే తెలివైన పని అవుతుంది, ఆ తెలివితోనే బ్యాంకు మునుగుతుంది. 2022లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మీరేమో హెచ్చరిక పంపాననుకుంటున్నారు. మీరు నిజంగా పంపింది దొమ్మీకి పిలుపు.

పైగా, రెండో పాయింటులో కరెన్సీలన్నీ చిత్తుకాగితాలన్నారు. ఐదో పాయింటులో ఆ చిత్తుకాగితాలే తెచ్చి ఇంట్లో దాచుకోమన్నారు. రాసినవాళ్లు తమ మెసేజ్ తామే చదువుకోలేదు, మనం మాత్రం చదివి పదిమందికి పంపాం.

‘బంగారాన్ని ఎవరూ లాక్కోలేరు’ అని కూడా ఒక ముక్క ఉంది. 1933 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆదేశంతో అమెరికాలో జనం తమ దగ్గరున్న బంగారు నాణేల్లో, కడ్డీల్లో చాలావరకు ఔన్సు 20.67 డాలర్ల లెక్కన అప్పగించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ధరను 35 డాలర్లు చేసింది. 1980 జనవరిలో అచ్చం ఇలాంటి భయాలే రేగినప్పుడు ఔన్సు 850 డాలర్లకు ఎగబాకింది. అప్పుడు ఎగబడి కొన్నవాళ్లు ఆ ధర మళ్లీ చూసింది 2008లో. ఆ 28 ఏళ్లలో పెరిగిన ధరల సంగతి సరేసరి. కొంత బంగారం ఉంచుకోండి, ఎవరు వద్దన్నారు? ఉన్నదంతా ఊడ్చి బంగారం, నగదు చేసి ఇంట్లో పెట్టుకోమన్నారు చూడండి, నా కోపం దాని మీద.

బీమా ఆపేయమన్న సలహాకు మర్యాదగా జవాబు చెప్పడం నా వల్ల కాదు. ప్రపంచం కూలేలోపు మనిషికి ఒంట్లో బాగోకపోవచ్చు కదా? అప్పుడు ఆసుపత్రి బిల్లు ఈ మెసేజ్ రాసినవాళ్లు వచ్చి కడతారా?

డబ్బు స్తంభించిపోయిన సందర్భాలే లేవా అంటే ఉన్నాయి. 2001 చివర్లో అర్జెంటీనా ఖాతాలకు తాళం వేసింది. 2015లో గ్రీస్‌లో ఏటీఎం నుంచి రోజుకు 60 యూరోలే ఇచ్చారు. 2013లో సైప్రస్‌లో అతిపెద్ద బ్యాంకులో లక్ష యూరోలు దాటిన మొత్తంలో 47.5 శాతాన్ని షేర్లుగా మార్చేశారు. కానీ లక్ష లోపు డిపాజిట్లను ముట్టుకోలేదు. ముట్టుకుందామన్న మొదటి ప్రతిపాదనను పార్లమెంటు తిప్పికొట్టింది. కాబట్టి మీ డిపాజిట్‌కు బీమా ఎంతవరకు ఉందో కనుక్కోండి, అంతకు మించి ఉంటే మిగతాది ఇంకో బ్యాంకులో వేసుకోండి. బోరు సలహా, ఒప్పుకుంటాను. సైరన్ బొమ్మకు పనికిరాదు.

రాజకీయ అల్లకల్లోలం అన్న ఆరో పాయింటు దగ్గర మాత్రం వెటకారం కాస్త తగ్గించాలి. సమాజాల ఎత్తుపల్లాలను లెక్కలతో పరిశీలించే శాస్త్రవేత్త పీటర్ టర్చిన్ 2010లోనే ‘నేచర్’ పత్రికకు ఒక చిన్న ఉత్తరం రాశాడు. సామాన్యుల నిజ వేతనాలు పెరగకపోవడం, పెద్ద చదువులు చదివి తగిన స్థానం దొరకనివాళ్లు ఎక్కువవడం, ప్రభుత్వ అప్పు పెరగడం, ఈ మూడూ కలిసి 2020 ప్రాంతంలో అమెరికా, పశ్చిమ యూరప్‌లలో అస్థిరత ముదురుతుందన్నాడు. 2020 వేసవిలో అమెరికా వీధుల్లో నిరసనలు, 2021 జనవరి 6న అక్కడి పార్లమెంటు భవనం మీద దాడి చూశాక కొట్టిపారేయడం కష్టం. ఫుంకె, షులారిక్, ట్రెబెష్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1870 నుంచి 2014 దాకా 20 దేశాల్లో జరిగిన 800కు పైగా ఎన్నికలు పరిశీలిస్తే, ఆర్థిక సంక్షోభం తరవాత ఫార్ రైట్ (తీవ్ర మితవాద) పార్టీల ఓట్లు సగటున 30 శాతం పెరిగాయి. రాబోయే పదేళ్లు రాజకీయంగా ప్రశాంతంగా ఉంటాయని నేను కూడా అనుకోవడం లేదు. అయితే టర్చిన్ చెప్పినదానికి కారణాలున్నాయి, ప్రాంతం ఉంది, గడువు ఉంది, తప్పయితే పట్టుకునే వీలుంది. పైగా ఇల్లు వాకిలి అమ్ముకోమని ఆయన చెప్పలేదు.

ఎక్కడో ఒకచోట ఏదో ఒక సంక్షోభం వస్తుందనడానికి జోస్యం ఎందుకు? ఐఎంఎఫ్ ఆర్థికవేత్తల లెక్క ప్రకారం 1970 నుంచి 2017 మధ్య 151 బ్యాంకింగ్ సంక్షోభాలు వచ్చాయి. ఖాళీగా గడిచిన దశాబ్దం చూపించండి. ఏది, ఎక్కడ, ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న. మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ 284 మంది నిపుణుల నుంచి 80 వేలకు పైగా అంచనాలు తీసుకుని, ఏళ్ల తరబడి సరిచూసి 2005లో ఫలితం బయటపెట్టాడు. ఒకే సిద్ధాంతంతో లోకాన్నంతా వివరించేవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. పేరుమోసినవాళ్ల అంచనాలు మరీ అధ్వానం.

అంత నమ్మకం ఉన్నవాళ్లు జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ చేసినట్టు చేయాలి. వనరులు కరిగిపోయి ధరలు మండిపోతాయని ఆయన, లేదని ఆర్థికవేత్త జూలియన్ సైమన్ 1980లో పందెం వేసుకున్నారు. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్, గడువు పదేళ్లు. లోహాలను ఎంచుకున్నది ఎర్లిక్ పక్షమే. 1990లో ఐదింటి ధరలూ ద్రవ్యోల్బణం తీసేస్తే తగ్గాయి, ఎర్లిక్ 576.07 డాలర్లకు చెక్కు పంపాడు. వేరే పదేళ్లు తీసుకుని ఉంటే చాలాసార్లు ఎర్లిక్కే గెలిచేవాడని తరవాత లెక్కలు తేల్చాయి, అదీ చెప్పాలి కదా. అయినా ఆయన పేరు పెట్టి, తేదీ పెట్టి, సొంత డబ్బు పెట్టాడు. ఈ మెసేజ్ రాసింది ఎవరో మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. ఏడు పాయింట్లలో ఏది కావాలో, గడువు ఎంతో వాళ్లనే ఎంచుకోమంటాను.